నెలకు 36 పౌండ్ల ఫీజు మానేశాక: ఉచిత డిఎంపి మీద మా అనుభవం

డిఎంపి అంటే డెట్ మేనేజ్‌మెంట్ ప్లాన్, అప్పులన్నిటికీ కలిపి నెలనెలా మనకు కుదిరినంత కట్టి మెల్లగా తీర్చే ఏర్పాటు. దీన్ని ఫీజు తీసుకుని నడిపే కంపెనీలున్నాయి, ఉచితంగా నడిపేవాళ్లూ ఉన్నారు. ముందే చెప్పేస్తాను, పని రెండు చోట్లా ఒకటే. మన బడ్జెట్ రాసుకుంటారు, అప్పిచ్చినవాళ్లకు ఉత్తరాలు పంపుతారు, నెలకు ఒక్కసారి మన దగ్గర డబ్బు తీసుకుని అందరికీ పంచుతారు. ఇదే పనికి ఒకళ్లు మా దగ్గర నెలకు 36 పౌండ్లు తీసుకున్నారు, ఇంకొకళ్లు పైసా తీసుకోవడం లేదు. 2023లో మారాం, ఇప్పటికీ ఆ ఉచిత ప్లాన్‌లోనే ఉన్నాం.

మేం ఇంగ్లండ్‌లో, రెడింగ్ పక్కన ఉంటాం. అప్పు ఎలా అయిందంటే పెద్ద కథేం లేదు. 2021లో వీసా పొడిగించుకోవాల్సి వచ్చింది. వీసాతో పాటు ఇక్కడి ప్రభుత్వ వైద్యం కోసం కట్టే హెల్త్ సర్‌ఛార్జ్ అప్పట్లో పెద్దవాళ్లకు ఏడాదికి 624 పౌండ్లు, పిల్లలకు 470. ముగ్గురికి మూడేళ్లది ఒకేసారి కట్టాలి, అంటే 5,154. వీసా ఫీజు వేరే. అదంతా కార్డుల మీద పడింది. అది తీరకముందే ఊళ్లో మామయ్యగారి ఆపరేషన్‌కి పర్సనల్ లోన్, తర్వాత నర్సరీ ఫీజులు. మినిమమ్ పేమెంట్లు కట్టడానికే జీతం సరిపోయే రోజు వచ్చాక మా ఆయన ఫీజు తీసుకుని డిఎంపి నడిపే ఒక కంపెనీకి ఫోన్ చేశారు. పేరు రాయను.

నిజం చెప్పాలంటే ఆ కంపెనీ మోసం చేసిందని అనను. ఫోన్ చేస్తే రెండు రింగులకే ఎత్తేవాళ్లు. మాకంటూ ఒక మనిషిని కేటాయించారు, ఆయన మర్యాదగా మాట్లాడేవాడు. బ్యాంకుల నుంచి రోజూ వచ్చే ఫోన్లు తగ్గాయి. ఆ టెన్షన్‌లో ఉన్నవాళ్లకు అది చిన్న విషయం కాదు. కానీ మొదటి కొన్ని నెలలు మేం కట్టినదాంట్లో సగం వాళ్ల ఫీజుకే పోయింది. అక్కడా నిబంధన దాటలేదు. నెలనెలా కట్టే సొమ్ములో కనీసం సగమైనా అప్పులకు వెళ్లాలని ఇక్కడి నియంత్రణ సంస్థ ఎఫ్‌సీఏ అంటుంది, వీళ్లు సరిగ్గా ఆ సగం దగ్గరే ఆగారు! అప్పుల మీద ఉచిత సలహా మనీహెల్పర్ అనే ప్రభుత్వ అండ ఉన్న సేవ ద్వారా దొరుకుతుందని మొదట్లోనే, కంటికి కనిపించేలా చెప్పాలన్నదీ వాళ్లకున్న నియమమే. మాకొచ్చిన ఈమెయిల్లో ఆ వాక్యం అన్నిటికన్నా అడుగున ఉంది.

తర్వాత ఒక ఆదివారం మా ఆయన లెక్క వేశారు. అప్పటికి మిగిలిన అప్పు 16,800. మేం కట్టేది నెలకు 240. అప్పటికి నెలకు 36కి తగ్గిన ఫీజు పోగా అప్పులకు చేరేది 204. ఇలాగే సాగితే తీరడానికి 82 నెలల పైనే పడుతుంది. 240 మొత్తం అప్పులకే వెళ్తే 70 నెలలు. అంటే అప్పిచ్చినవాళ్లకు రూపాయి కూడా అదనంగా చేరకుండా ఒక ఏడాదంతా మేం ఊరికే కడుతున్నామన్నమాట. పిల్లాడి స్కూల్ షూస్ మరో టర్మ్ నడుస్తాయా అని చూసే ఇంట్లో ఏడాదికి 432 పౌండ్లంటే మాటలు కాదు.

ఉచితంగా డిఎంపి నడిపేవాళ్లలో అందరికీ తెలిసిన పేర్లు రెండు. ఒకటి స్టెప్‌ఛేంజ్, 1993 నుంచి ఉన్న ఛారిటీ, 2012కి ముందు దాని పేరు వేరే. రెండోది పేప్లాన్. మేం ఏది తీసుకున్నామో చెబితే ప్రకటనలా ఉంటుంది, వదిలేస్తాను. ఉచితమైతే వాళ్లకు జీతాలు ఎవరిస్తారని నేనూ అడిగాను. ఖర్చు చాలావరకు బ్యాంకులూ కార్డు కంపెనీలే పెట్టుకుంటాయి. ప్లాన్ ద్వారా తమకు డబ్బు వస్తోంది కాబట్టి అందులో కొంత వాటా ఆ సంస్థకు ఇస్తాయి. ఆ వాటా మన ఖాతాలో కోత పడదు. మనం 40 కడితే 40 తగ్గుతుంది. నేను మొదటి ఏడాది ప్రతి స్టేట్‌మెంటూ పక్కన పెట్టుకుని సరిచూశాను, ఒక్క పౌండు తేడా రాలేదు.

మారడంలో కష్టమంతా కాగితాల దగ్గరే. మా అప్పుల్లో రెండింటిని అసలు కంపెనీలు వేరేవాళ్లకు అమ్మేశాయి. ఆ సంగతి పాత కంపెనీకి తెలుసు, మాకు చెప్పలేదు. ఇప్పుడు అప్పు ఎవరి చేతిలో ఉంది, రిఫరెన్స్ నంబర్ ఎంత, ఎంత మిగిలింది అన్నది ఒక్కొక్కళ్లకు ఫోన్ చేసి రాసుకోవాల్సి వచ్చింది. మీరు మారాలనుకుంటే మొదట ఈ జాబితా తయారు చేసుకోండి. పాత కంపెనీకి చివరిసారి కట్టిన డబ్బు అప్పులవాళ్లకు చేరిందో లేదో కనుక్కోండి. కొత్త ప్లాన్ మొదలయ్యే తేదీ తెలిశాకే పాతవాళ్లకు రద్దు ఉత్తరం పంపి, డైరెక్ట్ డెబిట్ ఆపండి. మధ్యలో ఒక నెల ఖాళీ పడితే ఒకళ్లో ఇద్దరో ఉత్తరాలు పంపుతారు. మాకు ఒక కార్డు కంపెనీ పంపింది. కొత్త ప్లాన్ వివరాలు చెప్పగానే సద్దుమణిగింది.

రద్దు ఉత్తరం అందగానే పాత కంపెనీ నుంచి ఫోన్. "మా ద్వారా కట్టబట్టే మీకు వడ్డీ ఆపారు మేడమ్, బయటికి వెళ్తే మళ్లీ మొదలవుతుంది." ఇది నిజం కాదు. డిఎంపి చట్టపరమైన ఒప్పందం కాదు కాబట్టి వడ్డీ ఆపి తీరాలని ఎవరి మీదా బలవంతం లేదు, ఆ మాట ఫీజు ప్లాన్‌కైనా ఉచిత ప్లాన్‌కైనా ఒకటే. మాకు అప్పిచ్చినవాళ్లలో వడ్డీ ఆపినవాళ్లెవరూ మళ్లీ మొదలుపెట్టలేదు. మొదటి నుంచీ ఆపని ఒక లోన్ కంపెనీ అయితే మారాక ఆపింది. ఎందుకు ఆపిందో నేను అడగలేదు, వాళ్లూ చెప్పలేదు.

ఇక బడ్జెట్ ఫారం గురించి కాస్త వివరంగా చెప్పాలి. స్టాండర్డ్ ఫైనాన్షియల్ స్టేట్‌మెంట్ అంటారు. అద్దె, కౌన్సిల్ టాక్స్, గ్యాస్, కరెంటు ముందు. తర్వాత తిండి, బస్సు, బట్టలు, జుట్టు కత్తిరింపు దాకా అడుగుతారు. మన ఇళ్లకు సరిపోయే గడి మాత్రం ఒకటి లేదు, ఊరికి పంపే డబ్బుకు. ఫోన్లో మాట్లాడిన అమ్మాయికి అత్తయ్యగారి షుగర్ మందులు, బీపీ మందులు అని చెబితే, రసీదులు ఉన్నాయా అని అడిగి కొంత మొత్తం వేసుకుంది. బంధువుల పెళ్లిళ్లలో చదివించే కట్నాలు మాత్రం ఒప్పుకోలేదు. ఇక్కడ మనవాళ్ల మధ్య నడిచే చిట్టీ గురించీ, ఒక స్నేహితుడి దగ్గర తెచ్చిన చేబదులు గురించీ చెప్పాను. చేబదులు కూడా అప్పే, మిగతావాళ్లకు తగ్గించి ఒక్కళ్లకు మాత్రం పూర్తిగా కట్టడం కుదరదంది. ఆ స్నేహితుడికి ఈ మాట చెప్పడం బ్యాంకులతో మాట్లాడటం కన్నా కష్టమైంది.

ఇంకో సలహా కూడా అక్కడే దొరికింది, పాత కంపెనీలో ఎవరూ అనలేదు. జీతం పడే బ్యాంకులోనే ఓవర్‌డ్రాఫ్టో కార్డు బాకీయో ఉంటే, ఆ బ్యాంకు మన ఖాతాలోంచే తీసేసుకోవచ్చు. అందుకని బాకీ లేని మరో బ్యాంకులో ఖాతా తెరిచి జీతం అటు మార్చుకున్నాం.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. మనకంటూ ఒక మనిషి ఉండడు, ఫోన్ చేసిన ప్రతిసారీ కథ మొదటి నుంచి చెప్పాలి. సోమవారం ఉదయం ఫోన్ చేస్తే అన్నం ఉడికే దాకా పాట వినాల్సిందే. ఎక్కువ పనులు ఆన్‌లైన్‌లో మనమే చేసుకోవాలి. ఏడాదికోసారి బడ్జెట్ సమీక్ష ఉంటుంది, జీతం పెరిగితే కట్టేది కూడా పెంచమంటారు. ఇంగ్లీషులో ఫోన్ మాట్లాడటానికి జంకేవాళ్లు, ఉత్తరం వస్తే తెరవడానికే భయపడేవాళ్లు ఉంటే, రెండు రింగులకే ఎత్తే కంపెనీ వైపు మనసు లాగుతుంది. నాకది అర్థమవుతుంది. అయినా ఏడాదికి 432 పౌండ్ల విలువ దానికి లేదు.

క్రెడిట్ రికార్డు విషయంలో రెండింటికీ తేడా లేదు. డిఫాల్ట్, అంటే ఒప్పందం ప్రకారం కట్టలేదని అప్పిచ్చినవాళ్లు నమోదు చేసిన తేదీ నుంచి ఆరేళ్లు అది కనిపిస్తుంది. ఇక వీసా భయం. ఈ ప్లాన్ 'పబ్లిక్ ఫండ్స్', అంటే ప్రభుత్వం ఇచ్చే భృతుల్లాంటి సాయం కిందకి రాదు, కాబట్టి అవి తీసుకోకూడదన్న షరతు వీసా మీద ఉన్నవాళ్లు కూడా ఇందులో చేరొచ్చు. హైదరాబాద్‌లో కనిపించే 'లోన్ సెటిల్‌మెంట్' ప్రకటనలతో మాత్రం దీన్ని కలపొద్దు. అక్కడ బేరమాడి కొంత కట్టి వదిలించుకోవడం, ఇక్కడ మొత్తం అప్పు మెల్లగా తీర్చడం.

మొదట్లో తీసుకున్న ఫీజు గురించి పాత కంపెనీకి ఫిర్యాదు రాశాం. ఎనిమిది వారాల్లో తుది జవాబు రాకపోతే ఇలాంటి కంపెనీల మీద ఫిర్యాదులు తేల్చే ఫైనాన్షియల్ ఆంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు, దానికి డబ్బు కట్టక్కర్లేదు. మాకు ఆ అవసరం రాలేదు, ఒక నెల ఫీజు వెనక్కిచ్చి సారీ చెప్పారు. స్కాట్లండ్‌లో ఉన్నవాళ్లు మాత్రం ఇదంతా చదివి నేరుగా డిఎంపికి వెళ్లకండి. అక్కడ డెట్ అరేంజ్‌మెంట్ స్కీమ్ ఉంది, అది చట్టబద్ధమైంది, ఆమోదం వస్తే వడ్డీ ఆగుతుంది. గ్లాస్గోలో మా పెద్దనాన్నగారి అబ్బాయి అందులోనే ఉన్నాడు.