వేడి తగ్గించే పని నేర్పే కిట్టు: నాలుగు వేసవులు వాడాక

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో తాపీ మేస్త్రులకి, పెయింటర్లకి, ఎలక్ట్రీషియన్లకి ఇంట్లో వేడినీ కరెంటు ఖర్చునీ తగ్గించే పని నేర్పుతూ మేం వాడుతున్న సామాన్ల పెట్టె గురించి ఈ సమీక్ష. పెట్టెలో ఉన్నవి ఇవి: తాకకుండానే దూరం నుంచి వేడి కొలిచే ఐఆర్ గన్, గది వేడీ గాలిలో తేమా చూపించే చిన్న మీటర్లు రెండు, గోడకి గుచ్చే పిన్నుల తేమ మీటరు, పచ్చి రంగు పొర మందం కొలిచే వెట్ ఫిల్మ్ దువ్వెన, ప్లగ్ వాట్ మీటరు, వైరు చుట్టూ బిగించి కరెంటు కొలిచే క్లాంప్ మీటరు, అగరుబత్తులు, నల్ల ఇన్సులేషన్ టేపు, మాస్కింగ్ టేపు, పాలిథిన్ షీటు, నీళ్ల ట్యూబ్ లెవెల్.

మా అభిప్రాయం ముందే చెబుతాం. పెట్టెలో అన్నిటికన్నా చవకైన దువ్వెనే పనివాడిని ఎక్కువ మారుస్తుంది. అందరూ మోజుపడే ఐఆర్ గన్, అది ఎక్కడ తప్పు చెబుతుందో నేర్పకుండా చేతికిస్తే, పనినే తప్పుదారి పట్టిస్తుంది.

గన్ నుంచే మొదలుపెడదాం. ఎర్ర చుక్క ఎక్కడ పడితే అక్కడి వేడే తెర మీద వస్తుందని నేర్చుకునేవాళ్లందరూ అనుకుంటారు. ఆ చుక్క గురి కోసం మాత్రమే. మా గన్ మీద 12:1 అని ఉంటుంది. అంటే 12 అడుగుల దూరం నుంచి పెడితే అడుగు వెడల్పు గుండ్రం మొత్తానికి సగటు చూపిస్తుంది. ఆ గుండ్రంలోకి ట్యూబులైటో, ఫ్యాను రెక్కో, ఎండ పడే కిటికీ అంచో వస్తే అంకె చెడిపోతుంది. స్టూలు ఎక్కి సీలింగుకి అడుగు దూరంలో పెట్టి కొలవడం ఒక్కటే నమ్మకమైన పద్ధతి.

రెండో తప్పు రేకుల దగ్గర జరుగుతుంది. మిట్టమధ్యాహ్నం చెయ్యి ఆనించలేనంత కాలిన కొత్త జింకు రేకుని కొలిస్తే గన్ చల్లగా ఉందంటుంది. గన్ లోపల ఎమిసివిటీ, అంటే వస్తువు తన వేడిని ఎంతమేరకు వెదజల్లుతుందో చెప్పే అంకె, 0.95 అని స్థిరపరిచి ఉంటారు. సిమెంటుకి, పెంకుకి, తెల్లరంగుకి అది దాదాపు సరిపోతుంది. మెరిసే లోహం మాత్రం తన వేడిని తక్కువ వెదజల్లుతుంది, పైగా అద్దంలా ఆకాశాన్ని చూపిస్తుంది. గన్ కొలిచేది చాలా వరకు ఆ ఆకాశాన్నే. మందు టేపే. రేకు అడుగున నల్ల టేపుని పక్కపక్కనే నాలుగు వరసలు అంటించి, పది నిమిషాలు ఆగి, అడుగు దూరం నుంచి ఆ టేపు మీదే కొలవాలి. రేకు పైభాగంలో నల్ల టేపు వాడకూడదు. ఎండలో టేపే విడిగా కాగి అంకెని పెంచేస్తుంది. అక్కడ మాస్కింగ్ టేపు వాడాలి. పెట్టెలో రెండు రకాల టేపు ఉండడానికి కారణం ఇదే. ఒకటి అయిపోతే రెండోదాంతో సర్దుకుంటామంటే కుదరదు.

మూడో తప్పు వేళది, అన్నిటికన్నా పెద్దది. అయిదంగుళాల శ్లాబు పైన మధ్యాహ్నం ఒంటిగంటా రెండింటి మధ్య బాగా కాలుతుంది. ఆ వేడి కింద సీలింగుకి దిగడానికి గంటలు పడుతుంది. సాయంత్రం అయిదు నుంచి ఏడు మధ్య సీలింగు అత్యధికంగా వేడెక్కుతుంది. అందుకే సూర్యుడు దిగాక కూడా ఫ్యాను వేడిగాలే విసురుతుంది. నేర్చుకునేవాడు పన్నెండింటికి సీలింగుని కొలిచి "రంగు వేసిన గదికీ వేయని గదికీ తేడా ఏమీ లేదండీ" అంటాడు. ఆ వేళకి నిజంగానే పెద్ద తేడా ఉండదు. శ్లాబు పైభాగం ఒంటిగంటన్నరకి, సీలింగు ఆరింటికి కొలవాలి. రెండు గదులూ ఒకే దిక్కుకి, ఒకే రకం కిటికీలతో ఉండాలి. ఇంత పట్టింపు లేని కొలతని ఇంటివాళ్లకి చూపించకపోవడమే మంచిది. రేకుకి ఈ ఆలస్యం లేదు, ఎండ తగిలిన నిమిషాల్లోనే అడుగున తెలిసిపోతుంది. ఏసీ గదిలోంచి గన్ని తీసి నేరుగా మేడ మీదకి తీసుకెళ్లినా అంకె తప్పుతుంది. పావుగంటైనా నీడలో బయట ఉంచి అప్పుడు వాడాలి.

ఇక దువ్వెన. చిన్న లోహపు పలక, అంచున పళ్లు, ఒక్కో పంటి దగ్గర ఒక మైక్రాన్ల అంకె. ఎండని తిప్పికొట్టే తెల్లటి కూల్ రూఫ్ రంగు వేసిన వెంటనే, ఒక నిమిషంలోపు, పచ్చిగా ఉన్న పొరలోకి నిటారుగా నొక్కి తీస్తే రంగు అంటిన ఆఖరి పన్ను పొర మందం చెబుతుంది. ఎండలో నిమిషం దాటితే పైన పెచ్చు కట్టి అంకె తగ్గుతుంది. లెక్క మేస్త్రికి ఒకసారి చెబితే మరచిపోడు: లీటరు రంగు చదరపు మీటరు మీద పరిస్తే వెయ్యి మైక్రాన్లు, అంటే ఒక మిల్లీమీటరు. అదే లీటరుని అయిదు చదరపు మీటర్లకి లాగితే 200. రంగులో ఘనపదార్థం ఘనపరిమాణంలో సగం ఉంటే ఆరాక మిగిలేది 100 మాత్రమే. వెయ్యి చదరపు అడుగుల మేడ 93 చదరపు మీటర్లు. రెండు కోట్లూ కలిపి పచ్చిగా 400 మైక్రాన్లు రావాలంటే 37 లీటర్లు కావాలి. అంటే ఇరవై లీటర్ల బకెట్లు రెండు. ఒక్క బకెట్‌తో పూర్తి చేస్తానన్నవాడు సగం మందమే వేస్తున్నాడని దువ్వెన చూపిస్తుంది.

గరుకు శ్లాబు మీద ఈ లెక్క చాలదు, గుంటలే ఎంతో తాగేస్తాయి. అలాంటిచోట ముందు చదరపు మీటరు గీసి, తూచిన రంగు అక్కడ వేసి, ఎంత పట్టిందో చూసి మొత్తానికి గుణించడం మేలు. నీళ్లు ఎక్కువ కలపడం పెయింటర్ల పాత అలవాటు. ఇరవై లీటర్లకి అయిదు లీటర్ల నీళ్లు కలిపితే సగం ఉన్న ఘనపదార్థం నూటికి 40కి పడిపోతుంది. దువ్వెనలో పచ్చి మందం సరిగ్గానే కనిపిస్తుంది, ఆరాక పొర పలచబడుతుంది. ఈ ఒక్క మోసాన్ని దువ్వెన పట్టుకోలేదు. అందుకే కలిపేటప్పుడు పక్కన నిలబడి కొలపాత్రతో కొలిపించాలి. డబ్బా మీద మొదటి కోటుకి రాసిన పాళ్లని రెండో కోటుకి వాడకూడదు. మొదటి కోటు తూర్పుపడమర కొడితే రెండోది ఉత్తరదక్షిణం కొట్టాలి, వదిలేసిన గీతలు అప్పుడే కనిపిస్తాయి. పొద్దున్న ఆరు నుంచి తొమ్మిదిలోపు, మళ్లీ నాలుగు దాటాక వేయాలి. కాలిన శ్లాబు మీద వేస్తే నీరు ఒక్కసారిగా ఆవిరై సూదిబెజ్జాలు పడతాయి, వానాకాలంలో ఆ బెజ్జాల్లోంచే పొర లేస్తుంది. తెల్లదనం కళ్లకి గట్టిగా కొడుతుంది కాబట్టి నల్ల కళ్లద్దాలు తప్పనిసరి.

రంగు వేసే ముందు శ్లాబు ఆరిందో లేదో చెప్పడానికి పిన్నుల తేమ మీటరు ఇచ్చారు. ఈ పెట్టెలో మమ్మల్ని నిరాశపరిచిన వస్తువు అదే. దాని అంకెలు కర్ర కోసం కట్టినవి. సిమెంటు మీద ఈ మూల కన్నా ఆ మూల ఎక్కువ తడి అని పోల్చడానికే పనికొస్తాయి. కళింగపట్నం, భావనపాడు, బారువ లాంటి తీరపు ఊళ్లలో అదీ కష్టమే. గోడలో దిగిన ఉప్పు కరెంటుని లాగేస్తుంది కాబట్టి కాస్త చెమ్మకే బాగా తడిసిందని చూపిస్తుంది. దీనికన్నా పాలిథిన్ పరీక్ష ఎన్నో రెట్లు నయం. అడుగున్నర చదరం షీటుని నాలుగువైపులా టేపుతో శ్లాబుకి అంటించి పదహారు గంటలు వదిలేయాలి. అడుగున నీటిబొట్లు పట్టినా, శ్లాబు రంగు ముదిరినా ఆ రోజు డబ్బా తెరవకూడదు.

మేడ మీద వాటం సరిగ్గా లేకపోతే ఎంత మంచి రంగైనా ఒక్క వానాకాలంలో నాచు పట్టి నల్లబడుతుంది. ట్యూబ్ లెవెల్‌తో పదడుగులకి అంగుళంపావు దిగుడు ఉందో లేదో చూడాలి. నీళ్లు నిలిచే గుంటల్ని ముందు ఇసుక సిమెంటుతో సరిచేసి, ఆ అతుకు పూర్తిగా ఆరాకే రంగు ఎత్తుకోవాలి. కొత్త తెల్లరంగు పడిన ఎండలో నూటికి 80 దాకా వెనక్కి పంపుతుంది. దుమ్ము పట్టాక అది 60 దాకా దిగుతుంది. పాత బూడిదరంగు శ్లాబు 30కి అటూఇటూ. శివరాత్రి దాటాక, ఉగాది లోపు ఏడాదికోసారి నీళ్లు కొట్టి మెత్తటి బ్రష్షుతో కడిగితే పోయిన మెరుపు చాలావరకు తిరిగొస్తుంది. ఈ కడుగుడు గురించి ఇంటివాళ్లకి కాగితం మీద రాసివ్వడం శిక్షణలో భాగం కావాలి. చాలాచోట్ల ఇది లేదు.

తెల్లరంగు ఎండని తిప్పి పంపుతుంది, అంతే. శ్లాబులోంచి వేడి దిగే దారిని అది మూయదు. పనివాళ్లు ఈ రెండింటినీ కలిపేస్తారు. కేంద్రం తెచ్చిన ఇళ్ల ఇంధన పొదుపు నియమావళి ఎకో నివాస్ సంహిత 2018 ఇంటి కప్పుకి పెట్టిన హద్దు యూ విలువ 1.2. అంటే రెండు వైపులా ఒక డిగ్రీ తేడా ఉంటే చదరపు మీటరుకి 1.2 వాట్లకి మించి వేడి దాటకూడదు. ఉత్త అయిదంగుళాల శ్లాబు దీనికి రెట్టింపు పైనే దాటనిస్తుంది. పాతిక మిల్లీమీటర్ల ఎక్స్‌పీఎస్ పలక (వేడిని ఆపే గట్టి నురుగు పలక) పరిచి పైన సిమెంటు పూత వేస్తే ఆ హద్దు లోపలికి వస్తుంది. ఇక్కడ ఇంకో షరతు ఉంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్, 2018 అక్టోబర్ 11న తిత్లీ దాటిన నేల ఇది. కప్పు మీద పరిచేది ఏదైనా, బరువు లేకుండా, బిగింపు లేకుండా వదిలితే గాలికి లేచిపోతుంది. పలకల మీద సిమెంటు పూత పడకముందు తుఫాను హెచ్చరిక వస్తే పలకలన్నీ కిందకి దించేయాలి.

సిమెంటు రేకుల ఇళ్ల గురించి గట్టిగా చెప్పాలి. పాత రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. పొడిగా వైరు బ్రష్షుతో గీకడం, గ్రైండరు పెట్టడం, బెజ్జాలు కొట్టడం చేయకూడదు. నాచు తీయాలంటే బాగా తడిపి మెత్తటి బ్రష్షుతో తీయాలి. రేకు మీద నేరుగా కాలు పెట్టకూడదు, దూలాల మీద పడేలా పలక వేసుకుని నడవాలి. మా పెట్టెతోపాటు వచ్చిన పుస్తకంలో ఈ పాఠం ఒక్క వాక్యమే ఉంది, అది చాలా తక్కువ.

ఆ పుస్తకంలో మిగతా పాఠాలు చాలావరకు చలిదేశాల నుంచి వచ్చినవి. అమెరికాలో 1976లో మొదలైన, ఇళ్లకి సందులు మూసి ఇంధనం పొదుపు చేసే వెదరైజేషన్ కార్యక్రమంలో తలుపుకి పెద్ద ఫ్యాను బిగించి, 50 పాస్కల్స్ ఒత్తిడి దగ్గర ఇల్లంతా ఎంత గాలి కారుతోందో కొలుస్తారు. అక్కడ లోపలి వెచ్చదనం పోకూడదు కాబట్టి అది సరైనదే. మన ఉక్కపోతకి గాలి ఆడాలి. జాలీ వెంటిలేటర్లున్న ఇల్లు మొత్తాన్ని బిగించమని నేర్పడం తప్పు. బిగించాల్సింది ఏసీ ఉన్న ఒక్క గదినే, దానికి అగరుబత్తి చాలు. గదిలో ఫ్యాను ఆపి, పక్కన బాత్రూములో ఎగ్జాస్ట్ ఫ్యాను వేసి, తలుపు అడుగున, జరిపే కిటికీ పట్టాల దగ్గర, ఏసీ పైపు వెళ్లే కంత దగ్గర పొగ ఎటు వంగుతుందో చూడాలి. మూడడుగుల తలుపు కింద సెంటీమీటరు సందు ఉంటే దాదాపు 90 చదరపు సెంటీమీటర్లు. గోడకి నాలుగంగుళాల పైపు కన్నం కొట్టి వదిలేసినదాని కన్నా ఎక్కువ. తలుపు అడుగున రబ్బరు పట్టీ, పైపు కంతకి పుట్టీ పెడితే ఆ పని అయిపోతుంది. వంటగదిలో మాత్రం ఏ సందూ మూయకూడదు. గ్యాసు గాలికన్నా బరువు, కిందకి దిగి పరచుకుంటుంది. నేలకి దగ్గరున్న కంత తెరిచే ఉండాలి.

చిన్న తేమ మీటర్లని ఏడాదికోసారి సరిచూడాలి. సీసా మూతలో చెంచా ఉప్పు వేసి, తడి ఇసుకలా అయ్యేంత నీళ్లు చిలకరించి, మీటరుతో కలిపి గాలి చొరని సంచిలో పెట్టి రాత్రంతా ఉంచితే తేమ నూటికి 75 చూపించాలి. మాకున్న రెండింటిలో ఒకటి మూడో వేసవికి 82 చూపించింది. ఉప్పుగాలి దాని సెన్సరుని తినేసింది. ఏడు తీసేసి చదువుకుంటున్నాం, అయినా కొత్తది కొనడమే సరైన పని.

కరెంటు పరికరాల్లో ప్లగ్ వాట్ మీటరు చక్కగా పనిచేస్తుంది. మామూలు సీలింగు ఫ్యాను 75 వాట్లు, తక్కువ కరెంటుతో తిరిగే మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాను 30 అని కళ్లెదురుగా చూస్తే ఇంక ఎవరికీ చెప్పనక్కర్లేదు. రోజుకి పన్నెండు గంటల చొప్పున నెలకి 16 యూనిట్ల తేడా. క్లాంప్ మీటరుని రెండు వైర్ల మీద కలిపి బిగిస్తే సున్నా చూపిస్తుంది, ఒక్క వైరునే పట్టుకోవాలి. ఫ్యాను మోటారు మీద ఆంపియర్లని వోల్టులతో గుణిస్తే వచ్చేది అసలు వాట్ల కన్నా ఎక్కువ. ఈ రెండూ లేకపోయినా ఇంటి మీటరే చాలు. దాని మీద 3200 అని ఉంటే (యూనిట్‌కి ఎర్రదీపం అన్నిసార్లు వెలుగుతుందని అర్థం), మిగతావన్నీ ఆపి, ఒక్క పరికరం నడిపి, ఎర్రదీపం పదిసార్లు వెలగడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూసి 11,250ని ఆ సెకన్లతో భాగించాలి. అరవై సెకన్లు పడితే 187 వాట్లు.

ఫోనుకి తగిలించే థర్మల్ కెమెరా కొందరు అడుగుతారు. గోడలో తడి ఉన్నచోటు బొమ్మలో బాగా కనిపిస్తుంది. శిక్షణకి అవసరం లేదు.

చివరి రోజు పరీక్షకి ఒక్కొక్కరినీ పెట్టెతో ఒక ఇంట్లో వదిలి, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి కొలిపించి కాగితం రాయిస్తాం. సీలింగు వేడి పక్కన గంట రాయని కాగితాన్నీ, రేకు వేడి పక్కన ఏ టేపు మీద కొలిచాడో రాయని కాగితాన్నీ వెనక్కి ఇచ్చేస్తాం. మర్నాడు మళ్లీ కొలవాలి.