యూకే స్టూడెంట్ హాల్‌కి ఏం సర్దుకోవాలి: ఏళ్లపాటు వాడి చూశాక చెబుతున్న మాట

విజయవాడ నుంచి లెస్టర్‌కి మాస్టర్స్ కోసం వచ్చాను, తర్వాత పీహెచ్‌డీకి ఇక్కడే ఉండిపోయాను. ఈ కాలమంతా స్టూడెంట్ అకామడేషన్‌లోనే, అంటే ఇక్కడ హాల్స్ అని పిలిచే హాస్టళ్లలోనే గడిచింది. మొదట అటాచ్డ్ బాత్రూమ్ ఉన్న గది, అరడజను మందికి కలిపి ఒక వంటగది. ఆ తర్వాత సొంత వంటగట్టు ఉన్న స్టూడియో. ఊరి నుంచి తెచ్చిన సామాన్లలో ఏది రోజూ చేతికొచ్చింది, ఏది మంచం కింద పెట్టెలో పడి ఉందీ చెప్పడానికి ఈ సమీక్ష. ప్రతి సెప్టెంబరులో కొత్తగా వచ్చే పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు ఇవే ప్రశ్నలు అడుగుతుంటారు.

ముందుగా నా అభిప్రాయం చెప్పేస్తాను. చాలా ఎయిర్‌లైన్లు స్టూడెంట్ టికెట్‌కి 23 కిలోల చొప్పున రెండు పెట్టెలు ఇస్తాయి. అందులో ఒక పెట్టె పూర్తిగా వంటకే ఇవ్వండి. బట్టలు, దుప్పట్లు, చలికోట్లు ఇక్కడ చవగ్గానే దొరుకుతాయి. మన వంటకి సరిపడే గిన్నెలు, మన ఇంటి పొడుల రుచి మాత్రం వచ్చిన మొదటి వారంలో ఎంత తిరిగినా దొరకవు. చదువు ఒత్తిడిలో ఉన్నప్పుడు, బయట చీకటిగా ఉన్నప్పుడు, వేడివేడి పప్పన్నం ఎంత బలాన్నిస్తుందో ఇక్కడున్న ప్రతి తెలుగు స్టూడెంట్‌కీ తెలుసు.

తెచ్చిన వాటిలో నంబర్ వన్ స్టీలు ప్రెషర్ కుక్కర్. మూడు లీటర్లది, ఇండక్షన్ బేస్ ఉన్నది. హాల్స్‌లో గ్యాస్ స్టవ్ ఉండదు, నేను చూసినవన్నీ కరెంటు పొయ్యిలే, వాటిలో ఎక్కువ ఇండక్షన్. మామూలు అల్యూమినియం కుక్కర్ ఇండక్షన్ మీద అసలు వేడెక్కదు. కొనేముందు ఫ్రిజ్ మీద పెట్టుకునే చిన్న మ్యాగ్నెట్ తీసుకెళ్లి కుక్కర్ అడుగున పెట్టి చూడండి. గట్టిగా అంటుకుంటే పనిచేస్తుంది, జారిపోతే వద్దు. కడాయికీ, దోశ పెనానికీ ఇదే పరీక్ష.

కుక్కర్ ఎందుకంత ముఖ్యమంటే, చాలా హాల్స్‌లో పొయ్యికి టైమర్ బటన్ ఉంటుంది. నొక్కితే వెలుగుతుంది, కొన్ని నిమిషాలకి దానంతట అదే ఆగిపోతుంది. అగ్ని ప్రమాదాలు జరగకుండా ఆ ఏర్పాటు. మామూలు గిన్నెలో కందిపప్పు పెట్టి గదికి వెళ్లి చదువుకుంటే, తిరిగి వచ్చేసరికి పొయ్యి ఆరిపోయి పప్పు సగం ఉడికి ఉంటుంది. కుక్కర్లో పప్పు ఆ టైమర్ లోపలే మెత్తగా అయిపోతుంది. పప్పు, పైన చిన్న గిన్నెలో బియ్యం, ఒకేసారి. లైబ్రరీ నుంచి రాత్రి ఎనిమిదికి వచ్చినా ఎనిమిదిన్నరకి భోజనం.

కుక్కర్‌తో పాటు రెండు గాస్కెట్లు, ఒక సేఫ్టీ వాల్వు అదనంగా తెచ్చుకోండి. రోజూ వాడితే గాస్కెట్ గట్టిపడిపోయి ఆవిరి పక్కనుంచి పోతుంది. అచ్చం అదే కంపెనీది, అదే సైజుది ఇక్కడ వెతకడం పెద్ద పని. కుక్కర్ బరువు దాదాపు రెండు కిలోలు ఉంటుంది కానీ లోపలి ఖాళీ వృథా కాదు. పొడుల పొట్లాలు, పోపుల డబ్బా అందులోనే సర్దెయ్యొచ్చు. ఇంకొక్క మాట. మొదటిసారి విజిల్ వచ్చినప్పుడు తోటివాళ్లు ఉలిక్కిపడతారు. వంటగది పంచుకునే వాళ్లకి ముందే చూపించి, ఇలా శబ్దం వస్తుంది, భయం లేదు అని చెప్పండి. మా ఫ్లాట్‌లో ఒక నైజీరియా అమ్మాయి ఆ తర్వాత బీన్స్ ఉడికించుకోవడానికి నా కుక్కరే అడిగి తీసుకునేది.

రెండోది పట్టకారు. వినడానికి చిన్న వస్తువు. ఇక్కడి గిన్నెలన్నిటికీ పిడులు ఉంటాయి కాబట్టి మామూలు సూపర్ మార్కెట్లో పట్టకారు కనపడదు. మన స్టీలు గిన్నెలు తెచ్చుకుని పట్టకారు లేకపోతే తువ్వాలుతో పట్టుకుని చెయ్యి కాల్చుకోవాలి. ఒక అట్లకాడ, ఒక చారు గరిట, పోపుల డబ్బా, ఇడ్లీ తినేవాళ్లయితే కుక్కర్లో పట్టే చిన్న ఇడ్లీ స్టాండు. ఇంతే. స్టీలు డబ్బాలు డజన్లకొద్దీ పెడతామని ఇంట్లో వాళ్లు అంటారు, వద్దనండి. ఫ్రిజ్‌లో మీకు ఒక అర, అల్మారాలో ఒక గూడు మాత్రమే వస్తాయి.

మిక్సీ తేవాలా అని అందరూ అడుగుతారు. వద్దనే నా సలహా. కరెంటు ఇక్కడా మనలాగే 230 వోల్టులు, 50 హెర్ట్జ్, కాబట్టి మోటారుకేం కాదు. తేడా ప్లగ్గులో ఉంది. ఇక్కడివి మూడు దీర్ఘచతురస్రాకారపు పిన్నులు, లోపల ఫ్యూజు. చవక ట్రావెల్ అడాప్టర్‌కి మిక్సీ తగిలించి తిప్పడం మంచిది కాదు. పైగా నాలుగైదు కిలోల బరువు. నలుగురు కలిసి ఇక్కడి ఇండియన్ షాపులో ఒకటి కొనుక్కుంటే అందరికీ సరిపోతుంది. లెస్టర్‌లో బెల్‌గ్రేవ్ రోడ్డుకి వెళ్తే, దాన్నే గోల్డెన్ మైల్ అంటారు, దోశ పిండి కూడా రెడీగా దొరుకుతుంది. ఫోను, ల్యాప్‌టాప్ కోసం మంచి అడాప్టర్లు రెండు చాలు. ఎక్స్‌టెన్షన్ బోర్డు ఇక్కడే కొనండి. మన దగ్గర నుంచి తెచ్చిన బోర్డులను తనిఖీలో చాలా హాల్స్ ఒప్పుకోవు.

తిండి సామాను సంగతికొస్తే, బియ్యం, కందిపప్పు, చింతపండు, ఇంగువ, ఆవాలు, జీలకర్ర ఏవీ మోసుకురావద్దు. సోనా మసూరి బస్తాలు ఇక్కడి షాపుల్లోనే ఉంటాయి. తేవాల్సినవి మన ఇంటివి. కారం ముఖ్యం. గుంటూరు మిరపతో ఇంట్లో పట్టించిన కారానికి ఇక్కడి చిల్లీ పౌడర్ సాటి రాదు, కూరల రంగే వేరుగా ఉంటుంది. కందిపొడి, నల్లకారం, కరివేపాకు పొడి, ఆవకాయ, గోంగూర. పచ్చళ్ల షాపుల్లో విదేశాలకని చెబితే మందమైన కవర్లలో వేసి సీలు చేసి ఇస్తారు. దాన్ని మళ్లీ ఇంకో కవర్లో పెట్టి, పెట్టె మధ్యలో బట్టల నడుమ సర్దండి. విమానంలో ఒత్తిడికి నూనె కారితే పుస్తకాలు, బట్టలు అన్నీ పోతాయి. ప్రతి పొట్లం మీదా పేరు ఇంగ్లీషులో రాసి అతికించండి, కస్టమ్స్‌లో ఆపితే చెప్పుకోవడం తేలిక. పచ్చళ్లు క్యాబిన్ బ్యాగులో పెడితే సెక్యూరిటీలోనే తీసేస్తారు, ద్రవాల కింద లెక్కేస్తారు.

ఇక్కడ గట్టిగా చెప్పాల్సిన విషయం ఒకటుంది. ఇండియా నుంచి మాంసం, పాల పదార్థాలు బ్రిటన్‌లోకి తేవడం నిషేధం. అంటే చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి వద్దు. నెయ్యి, కోవా, పాలతో చేసిన స్వీట్లు కూడా వద్దు. అమ్మ ఎంత ప్రేమగా చేసి పెట్టినా సరే. పట్టుబడితే డస్ట్‌బిన్‌లో వేసేస్తారు, ఆ టెన్షన్ మొదటిరోజే ఎందుకు? నెయ్యి ఇక్కడ ఏ సూపర్ మార్కెట్లోనైనా ఉంటుంది. అలాగే ఎండుకొబ్బరి, కర్పూరం సులువుగా అంటుకునే వస్తువులు కాబట్టి విమానం పెట్టెల్లోకి రానివ్వరు. పూజ సామాను సర్దేటప్పుడు కర్పూరం డబ్బా చాలామంది మర్చిపోయి పెట్టేస్తారు. పవర్ బ్యాంకు చెక్-ఇన్‌లో కాకుండా చేతి బ్యాగులోనే ఉండాలి.

పూజ మాట వచ్చింది కాబట్టి, గదిలో దీపం, అగరబత్తి వెలిగించడం దాదాపు అన్ని హాల్స్‌లోనూ కుదరదు. పొగ గుర్తించే అలారం ప్రతి గదిలో ఉంటుంది. బ్యాటరీతో వెలిగే చిన్న దీపం ఒకటి తెచ్చుకుంటే సంక్రాంతికీ, దీపావళికీ పనికొస్తుంది. తాలింపు విషయంలోనూ జాగ్రత్త. ఇండక్షన్ మీద నూనె చాలా త్వరగా కాగుతుంది. పలుచటి గిన్నెలో ఎండుమిరపకాయ వేస్తే క్షణాల్లో మాడి ఆ ఘాటు కారిడార్ అంతా పాకుతుంది. అడుగు మందంగా ఉన్న చిన్న కడాయి తెచ్చుకోండి, వేడి మధ్యస్థంగా పెట్టండి, ఎగ్జాస్ట్ ఫ్యాను ముందే వెయ్యండి. వంటగది తలుపు మూసే ఉంచండి. మాకు రాత్రి పన్నెండున్నరకి అలారం మోగి భవనం మొత్తం చలిలో బయట నిలబడిన రాత్రి ఉంది, కారణం ఎవరో వంటగది తలుపు తెరిచిపెట్టి వేపుడు చేయడమే. చేతికందేలా ఒక స్వెట్టరు, చెప్పులు తలుపు దగ్గర ఉంచుకోవడం ఆ రాత్రి నుంచి నాకు అలవాటైంది.

బాత్రూమ్‌కి ఒక ప్లాస్టిక్ మగ్గు తప్పకుండా పెట్టుకోండి. ఇక్కడ టాయిలెట్లలో మన దగ్గరలా చేతి షవర్ ఉండదు, బకెట్టూ ఉండదు. దిగిన రోజే కావాల్సిన వస్తువు అది. కొబ్బరి నూనె సీసా సన్న మూతిది తేవద్దు. 24 డిగ్రీల కంటే చల్లబడితే కొబ్బరి నూనె గడ్డకడుతుంది, గది ఇక్కడ 20 డిగ్రీల దగ్గర ఉంటుంది. అందుకని సంవత్సరంలో ఎక్కువ కాలం అది గడ్డగానే ఉంటుంది. వెడల్పు మూతి డబ్బాలో పోసి తెచ్చుకుంటే వేలితో తీసుకోవచ్చు.

పడక గురించి కంగారు అక్కర్లేదు. రజాయిని ఇక్కడ డువే అంటారు, దాని వెచ్చదనాన్ని టోగ్ అనే అంకెతో కొలుస్తారు. 4.5 వేసవికి, 13.5 గడ్డకట్టే చలికి. హీటింగ్ ఉన్న హాల్ గదికి 10.5 సరిపోతుంది, అంతకన్నా ఎక్కువైతే చెమట పడుతుంది. కొనేముందు మంచం సైజు అడిగి తెలుసుకోండి. కొన్ని గదుల్లో 90 సెంటీమీటర్ల సింగిల్, కొన్నిట్లో 120 సెంటీమీటర్ల చిన్న డబుల్ ఉంటుంది, పక్కగుడ్డ సైజు దాన్నిబట్టే. ఇంటి నుంచి ఒక పలుచని నూలు దుప్పటి, ఒక తువ్వాలు చాలు. ఇవి మొదటి రాత్రికి అవసరం. ఆదివారం దిగేవాళ్లకి ఇంకా అవసరం, ఎందుకంటే ఇంగ్లండ్‌లో పెద్ద షాపులు ఆదివారం ఆరు గంటలు మాత్రమే తెరిచి ఉంటాయి. హీత్రూ నుంచి బస్సులో వచ్చేసరికి అన్నీ మూసేసి ఉంటాయి. అందుకే చేతి బ్యాగులో ఒక జత బట్టలు, అడాప్టరు, రెండు ఉప్మా పొట్లాలు, ఒక చెంచా పెట్టుకోండి.

బట్టలకి ఎక్కువ చెప్పను. చలికోటు ఇక్కడ కొనండి, గాలినీ వాననీ ఆపేది కావాలి. గొడుగు గాలికి వెనక్కి తిరిగిపోతుంది, టోపీ ఉన్న రెయిన్ జాకెట్టే మేలు. డిసెంబరులో నాలుగు గంటలకే పొద్దుగూకుతుంది. పండగలకి ఒక మంచి జత తెచ్చుకోండి, బెల్‌గ్రేవ్ రోడ్డు దీపావళికి వెళ్లినప్పుడు వేసుకోవాలనిపిస్తుంది. నూలు కుర్తాలు డ్రయర్ మిషన్‌లో వేస్తే కుంచించుకుపోతాయి. మడతపెట్టే బట్టల స్టాండు ఇక్కడ దొరుకుతుంది, గదిలో ఆరేస్తే కిటికీ కాస్త తీసి ఉంచండి, లేకపోతే గోడలకి బూజు పడుతుంది.

కాగితాలు, మందులు చేతి బ్యాగులోనే. ఇప్పుడు వీసా ఆన్‌లైన్ ఈవీసాగా ఉంటుంది, పాత ప్లాస్టిక్ కార్డు ఇవ్వడం లేదు. అయినా యూనివర్సిటీ ఇచ్చిన కాస్ లెటరు (సీటు ఖాయమని చెప్పే పత్రం), టీబీ టెస్టు సర్టిఫికెట్, డిగ్రీ ఒరిజినల్స్, టీకాల వివరాలు కాగితం మీద ఉండనివ్వండి. డ్రైవింగ్ లైసెన్సు ఉంటే అసలుది తెండి, 12 నెలలు దానితో ఇక్కడ కారు నడపొచ్చు. వీసాతో పాటు ఏడాదికి 776 పౌండ్ల ఆరోగ్య సర్‌చార్జి కట్టే ఉంటారు కాబట్టి రాగానే దగ్గరి జీపీ, అంటే మామూలు జబ్బులు చూసే డాక్టరు, దగ్గర పేరు నమోదు చేయించుకోండి. కానీ యాంటీబయోటిక్ మన దగ్గరలా షాపుకెళ్లి అడిగితే ఇవ్వరు, సాధారణంగా డాక్టరు చీటీ ఉండాలి. రోజూ వాడే మందులుంటే మూడు నెలలకి సరిపడా, మందు అసలు పేరు రాసిన చీటీతో తెచ్చుకోండి. పళ్ల పని ఏదున్నా బయల్దేరకముందే చేయించుకోండి, ఎన్‌హెచ్‌ఎస్ (ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ) డెంటిస్టు దగ్గర అపాయింట్‌మెంట్ దొరకడం చాలా కష్టం. కళ్లద్దాలు రెండు జతలు చేయించుకోండి.

తాళాలు అందుకున్న రోజే, సామాను విప్పకముందే గది మొత్తం వీడియో తీసి పెట్టుకోండి. గోడ మీది మరకలు, పరుపు, కార్పెట్ మీది మచ్చలు అన్నీ అందులో పడాలి. ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్ విషయంలో అదే మీకు ఆధారం. ఇక వచ్చేముందు మీ యూనివర్సిటీ తెలుగు వాట్సాప్ గ్రూపులో ఒకసారి అడగండి. జూన్ నుంచి ఆగస్టు దాకా ఖాళీ చేసి వెళ్లే సీనియర్లు గిన్నెలు, బట్టల స్టాండు, టేబుల్ ల్యాంపు లాంటివి ఊరికే ఇచ్చేస్తుంటారు. రైస్ కుక్కర్ ఇస్తామంటే మాత్రం తీసుకునే ముందు మీ హాల్ నిబంధనలు చదవండి. వంటగదిలో ఒప్పుకుంటారు గానీ, పడకగదిలో కనపడితే చాలా హాల్స్‌లో పట్టుకెళ్లిపోతారు.