ఉప్పుగాలిలో 11 కేవీ పాలిమర్ పిన్ ఇన్సులేటర్: 18 నెలల వాడకం తర్వాత

నిజాంపట్నం వైపు రొయ్యల చెరువులకు వెళ్లే ఒక 11 కేవీ (11 వేల వోల్టుల) లైనులో నిరుడు వేసవిలో పాత పింగాణీ పిన్ ఇన్సులేటర్లను (స్తంభం మీది ఇనుప పిన్నుకు బిగించి, కరెంటు స్తంభానికి పాకకుండా తీగను మోసేవి) తీసివేసి, సిలికాన్ రబ్బరు తొడుగు గల పాలిమర్ ఇన్సులేటర్లను 48 బిగించాము. రెండు వర్షాకాలాలు, ఒక చలికాలం గడిచాయి కాబట్టి ఇప్పుడు వాటి మంచిచెడులు చెప్పవచ్చుననుకుంటున్నాను.

సముద్రపు గాలి మోసుకొచ్చే ఉప్పు ఇన్సులేటరు మీద పేరుకున్నా, పొడిగా ఉన్నంతసేపు ప్రమాదం లేదు. తెల్లవారుజామున మంచు కురిసి ఆ పొర తడిసిందంటే దాని మీదుగా కొద్దిపాటి కరెంటు పాకడం మొదలవుతుంది; ఆ వేడికి పొర అక్కడక్కడా ఎండిపోగా, ఎండిన పట్టీలను దాటుతూ నీలిరంగు మెరుపులు పుడతాయి, అవి ఒకదానితో ఒకటి కలిసిపోతే లైను ట్రిప్ అవుతుంది. కుండపోత వాన ఉప్పును కడిగేస్తుంది గనుక మాకు భయమంతా మంచుతోనూ సన్నని జల్లుతోనూ. పాత పింగాణీ కప్పుల దగ్గర పొగమంచులో చిటపటమనే చప్పుడు స్తంభం కింద నిలబడినా వినిపించేది. కరెంటు పోయి, నీటికి గాలి అందించే ఏరేటర్లు ఆగిపోతే చెరువులో ఆక్సిజన్ పడిపోయి రొయ్యలు పైకి తేలతాయి, రైతు కొన్ని నెలల కష్టం ఆ ఒక్క పూటలోనే పోతుంది.

ఈ కొత్త ఇన్సులేటరులో నన్ను ముందుగా ఆకట్టుకున్నది దాని ఆకారం. కరెంటు ఉపరితలం వెంబడి పాకవలసిన దూరాన్ని క్రీపేజ్ అంటారు. పాత కప్పు మీదా, కొత్తదాని మీదా ఒంపు ఒంపునా దారం అతికించి కొలిస్తే మొదటిది 230 మిల్లీమీటర్లు, రెండవది 375 దాకా వచ్చింది. 11 కేవీ లైనులో గరిష్ఠ వోల్టేజి 12 కేవీ. మిక్కిలి కాలుష్యం గల చోట ఒక్కో కేవీకి 31 మిల్లీమీటర్ల చొప్పున లెక్కిస్తే 372 కావాలి కనుక, తీరానికి ఇదే తగిన కొలత. అయితే దూరం పెంచాలని రెక్కలను (చుట్టూ గొడుగుల్లా పొడుచుకొచ్చిన అంచులను) మరీ దగ్గరగా ఇరికిస్తే నీటిధార ఒక రెక్క నుంచి మరొక రెక్కకు వంతెన కడుతుంది. ఇందులో ఒక పెద్ద రెక్క, ఒక చిన్న రెక్క చొప్పున అమర్చి, అడుగు భాగాన్ని నున్నగా వదిలారు. పింగాణీ కప్పు లోపలి లోతైన గాడుల్లో చేరిన ఉప్పును ఏ వానా కడగలేదు, ఇక్కడ ఆ చిక్కు లేదు.

గత నెల లైన్ క్లియర్ (కరెంటు ఆపి లైను మీద పని చేసేందుకు అనుమతి) తీసుకుని ఒకదాన్ని కిందికి దింపించి, దుమ్ము పట్టిన రెక్క మీద సీసాతో నీళ్లు పోశాను. తామరాకు మీద పోసినట్టే బొట్లు విడివిడిగా జారిపోయాయి. రబ్బరులోని సిలికాన్ నూనె మెల్లగా పైకి ఊరి, మురికి పొరకు సైతం నీటిని అంటనీయని గుణం ఇస్తుంది; పింగాణీకి ఈ విద్య రాదు.

లోపాలూ ఉన్నాయి. వచ్చిన సరుకులో రెండింటికి రబ్బరు, లోహపు కొస కలిసే చోట గోరు దూరేంత సందు కనిపించడంతో వెనక్కి పంపాము, మార్చి ఇవ్వడానికి సరఫరాదారు చాలా రోజులు తిప్పించుకున్నాడు. ఆ సందు చిన్న విషయం కాదు: నీరు లోపలి ఫైబర్ గ్లాస్ కడ్డీని చేరితే, పైకి ఏ గుర్తూ కనిపించకుండానే అది కాలక్రమంలో పెళుసుబారి పుటుక్కున విరగవచ్చు. పైగా గోదాములో ఎలుకలు రెక్కలు కొరికేస్తాయి, కాబట్టి బిగించే రోజు దాకా పెట్టెల్లోనే భద్రపరచాలి. రెక్కలు పట్టుకుని పైకి లాగవద్దని మా కుర్రాళ్లకు పదే పదే చెప్పవలసి వచ్చింది.

ధర పింగాణీ కంటే ఎక్కువే. ఉప్పుగాలి సోకని మెట్ట ప్రాంతపు లైనుకైతే మంచి మెరుగున్న పింగాణీయే చాలునని నా అభిప్రాయం. తీరప్రాంతపు చెరువుల లైనుకు మాత్రం ఇవే వేయమంటాను, ప్రతి ముక్క కొసనూ వెలుతురులో తిప్పి చూసుకున్న తర్వాతే. మొన్నటి చలికాలంలో ఈ లైను మంచు వల్ల ఒక్కసారి కూడా ట్రిప్ కాలేదు.