డిటెక్టివ్ నవలలు: రెండేళ్లు చదివాక

ఉద్యోగం చిత్తూరులో, ఇల్లు తిరుపతిలో. రోజూ బస్సులో పోయొస్తూ కాలక్షేపానికి పట్టుకున్న డిటెక్టివ్ నవలలు రెండేళ్లు దాటినా వదల్లేదు. అంతకుముందు నేను చదివినవన్నీ కుటుంబ కథలూ, వారపత్రికల సీరియళ్లే. కాబట్టి ఇది కొత్తగా చేరినవాడి అభిప్రాయం అనుకోండి.

పాత పుస్తకాల అంగట్లో 'డిటెక్టివ్' అని ఒకే దొంతరలో పేర్చినవన్నీ ఒక జాతివి కావు. మధుబాబు రాసిన హీరో షాడో వేరు, కొమ్మూరి సాంబశివరావు రాసిన డిటెక్టివ్ యుగంధర్ వేరు. షాడో కథల్లో సరదా అంతా వేగంలో, దెబ్బలాటల్లో, వాడు ఎలా తప్పించుకుంటాడన్న దాంట్లో ఉంటుంది. యుగంధర్ అసిస్టెంట్ రాజుతో కలిసి ఆధారాలు ఏరుకుంటూ పోతాడు. నాకు పట్టుకున్నది ఈ రెండోదే. బుర్రకు పని కావాలని షాడో కొంటే పుస్తకాన్ని తిట్టుకుంటారు, పాపం దాని తప్పేం లేదు.

బస్సుకు మాత్రం షెర్లాక్ హోమ్స్ చిన్న కథలే సరి. కానన్ డాయిల్ రాసినవి 56 కథలు, 4 నవలలు. చంద్రగిరి దాటేలోపు ఎవరో వచ్చి గోడు చెప్పుకుంటారు, పూతలపట్టు వచ్చేసరికి ముడి వీడిపోతుంది. ఒకటే పేచీ: బురద మరకో సిగరెట్టు బూడిదో హోమ్స్ ముందే చూసేస్తాడు, మనకు తీరిగ్గా చెప్తాడు. ఆయనతో పోటీ పడలేం, నోరు తెరుచుకుని చూడాల్సిందే.

ఆ పోటీ అగాథా క్రిస్టీ దగ్గర దొరికింది. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో ఆసుపత్రి మందుల గదిలో పనిచేసిన మనిషి కదా, విషాల సంగతి బాగా తెలుసు. 1920లో వచ్చిన మొదటి నవలలోనే విషప్రయోగం ఉంది, ఆమె డిటెక్టివ్ పొయిరో ఉన్నాడు. ఆధారాలన్నీ మన ముందే పరిచి, మన చూపు మాత్రం పక్కకు మళ్లిస్తుంది. హంతకుడు తెలిశాక మళ్లీ మొదటి అధ్యాయం తిరగేయండి, టీ తాగుతూ ఎవరో యథాలాపంగా అన్న ముక్క ఉలిక్కిపడేలా చేస్తుంది. డబ్బు గిట్టేది ఆ రెండో చదువులోనే. ఇంగ్లీషుకు భయపడక్కర్లేదు, వాక్యాలు తేలిగ్గానే ఉంటాయి.

1929లో రోనాల్డ్ నాక్స్ అనే ఫాదర్ ఈ తరహా కథలకు పది నియమాలు పెట్టాడు. డిటెక్టివ్‌కు దొరికిన ఆధారాన్ని పాఠకుడి దగ్గర దాచకూడదు, రహస్య మార్గాలు ఒకటికి మించి ఉండకూడదు, ముందు సూచన ఇవ్వకుండా కవలల్ని దించకూడదు. ఈ కొలతతో చూస్తే మన పాకెట్ నవలలు కొన్ని నిలవవు. నూట యాభై పేజీలు అందర్నీ అనుమానించాక, ఊరూ పేరూ లేని తమ్ముడొకడు చివర్లో ఊడిపడతాడు!

పేర్లు గుర్తుపెట్టుకోవడం అసలైన తలనొప్పి. 1939లో వచ్చిన క్రిస్టీ నవలలో పదిమందిని ఒక దీవిలో పడేస్తారు, వాళ్లలో ఎనిమిది మంది మొదటి అధ్యాయంలోనే వరసగా దిగుతారు. కునుకుతీసి లేస్తే ఎవరు జడ్జో ఎవరు డాక్టరో తెలియదు. సెకండ్‌హ్యాండ్‌లో నేను కొన్న ఒక నవలలో పాత పాఠకుడెవరో మార్జిన్‌లో పెన్సిల్‌తో 'వీడే' అని రాశాడు. పదిహేను పేజీల తర్వాత అది కొట్టేసి, ఇంకో పేరు పక్కన మళ్లీ 'వీడే'. ఆ తర్వాత 'ఈమె?' అని. ముగ్గురూ కాదు. ఆ మహానుభావుడి వెనకే నడుస్తూ నేనూ మూడుసార్లు బోల్తాపడ్డాను, కథకన్నా అదే ఎక్కువ నవ్వు తెప్పించింది. రోజూ చూసే కండక్టర్ కూడా "ఇంగా ఎంతమంది సావల్ల సార్?" అని అడుగుతుంటాడు.

1926లో వచ్చిన క్రిస్టీ నవల, రోజర్ ఆక్రాయిడ్ హత్య కథ గొప్పదని అందరూ మొదట దాన్నే చేతిలో పెడతారు. వద్దు. ఈ కథలకు అలవాటుపడ్డ పాఠకుడితో ఆడిన ఆట అది, నాలుగైదు చదివాక పట్టుకుంటే దాని దెబ్బ తెలుస్తుంది. ఏది కొన్నా వెనక అట్ట మాత్రం చదవకండి. రెండో హత్య ఎవరిదో అక్కడే అచ్చేసిన ప్రతి నా దగ్గరుంది.