నోట్‌బుక్కా, ఆన్‌లైనా? మనసులో మాట రాసుకోవడానికి ఏది మేలు

పోయినేడాది ఒక ఫ్రెండ్‌తో మాటా మాటా పెరిగి ఆ రాత్రి రెండు చోట్లా రాశాను, ముందు ఫోన్‌లో ఒక పోస్టు, అది పెట్టాక కూడా మనసు కుదుటపడక నోట్‌బుక్‌లో. పోస్టులో మొదట "ఏడ్చాను" అని కొట్టాను, చూసినవాళ్ళు ఏమనుకుంటారో అని "బాధేసింది" చేశాను, ఇంకోసారి చదువుకుని "కొంచెం డిస్టర్బ్ అయ్యాను" అని పెట్టేశాను. నోట్‌బుక్‌లో ఏడ్చాను అనే ఉంది, పెన్ను ఎంత గట్టిగా నొక్కానో ఏమో ఆ మాట వెనక పేజీలో కూడా ఉబ్బెత్తుగా చేతికి తగులుతుంది. ఈ రెండిట్లో ఏది మేలు అని ఎవరడిగినా నాకు ముందు ఆ పేజీయే గుర్తొస్తుంది.

ఎందుకంటే చదివేవాళ్ళున్నారు అని తెలిసిన మరుక్షణం రాత మారిపోతుంది, మనం ఎంత నిజాయితీగా ఉందామనుకున్నా సరే. రెండో ప్రపంచయుద్ధంలో నాజీలకి దొరక్కుండా కుటుంబంతో దాక్కున్న యూదు అమ్మాయి ఆన్ ఫ్రాంక్ సంగతే తీసుకోండి, 1942 జూన్‌లో పదమూడో పుట్టినరోజుకి వచ్చిన డైరీలో తనకోసం రాసుకోవడం మొదలుపెట్టింది. 1944 మార్చిలో రేడియోలో డచ్ మంత్రి ఒకాయన యుద్ధం అయ్యాక జనం రాసుకున్న డైరీలు, ఉత్తరాలు సేకరించాలని చెప్పడం విని, ఆ తర్వాత తను రాసిందంతా విడి కాగితాల మీద మళ్ళీ రాయడం మొదలుపెట్టింది, కొన్ని భాగాలు తీసేసింది, మనుషుల పేర్లు మార్చాలనుకుంది. అప్పటికి దాక్కున్న చోటే ఉంది, చదివేవాళ్ళు ఒక్కరూ లేరు, రేపెప్పుడో చదువుతారేమో అన్న ఆలోచన ఒక్కటే వచ్చింది, అంతే. ఆ రెండో రాత తక్కువదని నేననను, చాలా గొప్ప రాత అది. కానీ తనకోసం రాసుకున్నదీ ఇంకొకరికోసం రాసిందీ చేసే పని వేరు.

1986లో జేమ్స్ పెన్నెబేకర్, సాండ్రా బీల్ అని ఇద్దరు సైకాలజీవాళ్ళు స్టూడెంట్స్‌తో ఒక ప్రయోగం చేశారు, వరసగా నాలుగు రోజులు, రోజుకి 15 నిమిషాలు, జీవితంలో బాగా కలత పెట్టిన విషయం రాయమన్నారు. జరిగిందీ, దానిమీద తమకేమనిపించిందీ రెండూ కలిపి రాసినవాళ్ళు తర్వాతి నెలల్లో హెల్త్ సెంటర్‌కి వెళ్ళడం, మామూలు విషయాలు రాసినవాళ్ళకంటే తక్కువగా ఉంది. నాకు ముఖ్యంగా అనిపించింది ఇంకోటి, రాసిన వెంటనే మాత్రం వాళ్ళకి మనసు తేలికవలేదు, ఇంకా బరువెక్కింది. ఆన్‌లైన్‌లో రాసేటప్పుడు సరిగ్గా ఆ బరువెక్కిన నిమిషంలోనే పోస్ట్ బటన్ వేలి కింద ఉంటుంది, మనం నొక్కేస్తాం, ఆ తర్వాత గంటసేపు ఎవరు చూశారు, ఎవరు రిప్లై ఇచ్చారు అని ఫోన్ తీసి చూడటంతోనే సరిపోతుంది, అసలు బాధ అక్కడే ఉండిపోతుంది.

చేత్తో రాస్తే మెదడు బాగా పనిచేస్తుంది అంటారు కదా, దాన్ని కొంచెం చూసి నమ్మాలి. 2024లో నార్వే నుంచి వచ్చిన స్టడీలో 36 మంది స్టూడెంట్స్‌కి తలమీద సెన్సార్లు పెట్టి చూస్తే చేత్తో రాసేటప్పుడు మెదడు భాగాల మధ్య కనెక్షన్ టైపింగ్‌లోకంటే ఎక్కువ కనపడింది, నిజమే. కాకపోతే వాళ్ళు రాసింది టచ్‌స్క్రీన్ మీద డిజిటల్ పెన్నుతో, టైప్ చేసింది ఒక్క వేలితో, రాసింది కూడా ఇచ్చిన పదాలే. కాబట్టి దీన్ని పట్టుకుని కాగితం డైరీ రాస్తే చాలు మెదడు వెలిగిపోతుందని చెప్పడం కుదరదు.

నా అనుభవంలో చేతిరాత గొప్పదనం ఇంకోచోట ఉంది. తెలుగులో టైప్ చేసేటప్పుడు మనలో చాలామందిమి ఇంగ్లిష్ అక్షరాలు కొట్టి ఫోన్ చూపించే మాటల్లోంచి ఒకటి ఎంచుకుంటాం, కావలసిన మాట రాకపోతే వచ్చినదానితో సర్దుకుపోతాం. ఉక్రోషం అని రాయాల్సిన చోట కోపం అని కొట్టి వదిలేసిన రోజులు నాకున్నాయి, ఆ రెండూ ఒకటి కాదు కదా. పెన్నుతో రాస్తే ఒత్తు ఎక్కడ పెట్టాలో ఒక్క క్షణం ఆగినా సరే, రాసేది నా మాటే. పైగా కొట్టేసిన మాట గీత కింద కనపడుతూనే ఉంటుంది, నెల తర్వాత చూస్తే ఏం దాచాలనుకున్నానో నాకే తెలుస్తుంది.

అలాగని నోట్‌బుక్ అన్నిటికీ మందు కాదు. అది ఎదురు ప్రశ్న వెయ్యదు, మనం ఏం రాస్తే దానికి ఊ కొడుతుంది. ఒకప్పుడు నాకు నెలల తరబడి సరిగ్గా నిద్ర పట్టేది కాదు, నోట్‌బుక్‌లో పేజీల కొద్దీ అదే గోల, ఈ రోజూ నిద్ర లేదు, ఈ రోజూ లేదు. చివరికి ఆన్‌లైన్‌లో పేరు చెప్పకుండా రాస్తే ముక్కూమొహం తెలియని ఒకావిడ, ఇన్నాళ్ళు ఎందుకు ఊరుకున్నారు, ముందు డాక్టర్‌కి చూపించుకోండి అని గట్టిగా రాసింది. వెళ్ళాను. ఆ ఒక్క వాక్యం నా నోట్‌బుక్ ఎప్పటికీ రాయలేదు. ఇంకొకరి సాయం కావాల్సిన బాధ అయితే ఆన్‌లైనే మేలు, అందులో నాకు అనుమానం లేదు.

భద్రం అంటారా, రెండూ రెండే. కాగితం తడిస్తే పోతుంది, ఇంట్లో ఎవరి చేతికైనా దొరకొచ్చు. ఆన్‌లైన్ సైట్లు వాళ్ళు ఆపాలనుకున్న రోజు ఆగిపోతాయి, ఆర్కుట్ 2014 సెప్టెంబర్ 30న మూతపడలేదా. వెతుక్కోవడానికి మాత్రం ఆన్‌లైన్‌ని మించింది లేదు. అందుకే నేను పోకూడదనుకున్న పేజీలు ఫోటో తీసి పెట్టుకుంటాను, మిగతావి పోతే పోనీ.

ఇప్పుడు నేను చేసేది ఏంటంటే ఏదైనా ముందు నోట్‌బుక్‌లోకే, వారం ఆగి చదువుతాను, అప్పటికీ ఇంకొకరికి పనికొస్తుంది అనిపించిన ముక్క ఉంటే అదొక్కటే ఆన్‌లైన్‌లో. ఆ ఫ్రెండ్ విషయంలో వరస తిరగబడింది, పోస్టు స్క్రీన్‌షాట్ ఎవరో తనకి పంపారు, నా గురించి అందరికీ చెప్తావా అని తను మాట్లాడటం మానేసింది. కొన్ని వారాలకి నోట్‌బుక్ తీసి చూస్తే మొదటి రెండు పేజీలూ తిట్లే, మూడో పేజీలో అక్షరాలు చిన్నవైపోయి "తను నాకు దూరమైపోతుందేమో అని భయంగా ఉంది" అని ఉంది. ఆ వాక్యం నేనే రాశాను, రాసినట్టే గుర్తులేదు. ఎక్కడా పోస్ట్ చెయ్యలేదు, తనకి ఫోన్ చేసి చదివి వినిపించాను.