1632 స్వీడిష్ యూనిఫాం అని అమ్ముతున్నాడు, కొనకండి

రీఎనాక్ట్‌మెంట్ (పాత యుద్ధాల్ని వేషాలు వేసి మళ్లీ చూపించే షో) డ్రెస్సులు కుట్టి అమ్మే ఆ సెల్లర్ ఎవరో స్వీడన్, పోలండ్‌లలో ఉంటూ ఈ షోలకి వెళ్లే మనవాళ్లకి చెప్పక్కర్లేదు. వేసవి షో కోసం అతని దగ్గర రెండు సెట్లు ఆర్డర్ పెట్టాను. ఒకటి స్వీడన్ రాజు గుస్తావ్ అడాల్ఫ్ కాలపు మస్కెటీర్ (తుపాకీ సిపాయి) డ్రెస్సు, రెండోది పోలిష్ కాల్బలం వాళ్లు వేసుకున్న జుపాన్ అనే పొడుగు కోటు. రెండూ ఉన్ని బట్టే, చేతికుట్టే అని మెసేజ్‌లో రాసిచ్చాడు. డబ్బంతా ముందే తీసుకున్నాడు.

నిన్న పార్సిల్ వచ్చింది. మస్కెటీర్ డ్రెస్సని పంపింది మోకాళ్ల దాకా ఉన్న నీలం కోటు, చేతుల చివర పసుపు మడతలు. అది తర్వాతి రాజు 11వ కార్ల్ హయాంలో, 1687లో ఖాయం చేసిన నమూనా! గుస్తావ్ అడాల్ఫ్ ల్యూట్సెన్ యుద్ధంలో చనిపోయింది 1632లో. అప్పట్లో స్వీడిష్ సైన్యమంతటికీ ఒకే యూనిఫాం లేదు. ఎల్లో రెజిమెంట్, బ్లూ రెజిమెంట్ అన్న పేర్లు కూడా ఎక్కువగా జెండా రంగుని బట్టి వచ్చినవే.

జుపాన్ ఇంకా ఘోరం. మెడ నుంచి నడుము దాకా దగ్గరదగ్గరగా గుండీలున్నాయి, చూడ్డానికి బాగానే ఉంది. ఒక గుండీ తీయబోతే రాలేదు. లోపల చెయ్యి పెట్టి చూస్తే జిప్పు! గుండీలన్నీ పైన అతికించిన ప్లాస్టిక్. బట్ట పాలిస్టర్, గోరుతో గీస్తే జర్రుమంటోంది.

ఫోటోలు పంపి అడిగితే ఏమన్నాడో తెలుసా? "దూరం నుంచి ఎవరికి కనిపిస్తుంది? అయినా ఇది మీ దేశం చరిత్ర కాదు కదా, మీకెందుకంత పట్టింపు?"

ఆ మాట చదివాక చేతులు వణికాయి. రాత్రి నిద్ర పట్టలేదు. 1627లో డిర్షావ్ దగ్గర పోలిష్ సైన్యంతో పోరులో తగిలిన గుండు ఒంట్లోనే ఉండిపోయి, ఇనుప కవచం వేసుకోలేక ఆ రాజు ల్యూట్సెన్‌కి తోలు కోటుతోనే వెళ్లాడు. ఆ కోటు స్టాక్‌హోంలో లివ్‌రుస్ట్‌కమ్మరెన్ అనే రాజుల ఆయుధాల మ్యూజియంలో ఉంది. దాని ముందు నిలబడి కుట్టు కుట్టూ చూసినవాణ్ని నేను. ఇష్టపడి నేర్చుకున్నదాన్ని నీది కాదనడానికి అతనెవరు? డబ్బు పోయినదానికన్నా ఈ మాటే ఎక్కువ మండిస్తోంది.

రిఫండ్ ఇవ్వనన్నాడు, తిరిగి పంపే ఖర్చు కూడా నాదేనట. మెసేజ్‌లన్నీ జతచేసి బ్యాంకులో కంప్లైంట్ ఇచ్చాను.

ఎవరి దగ్గర కొన్నా ముందు లోపలి కుట్టు, గుండీ కాజాల ఫోటోలు అడగండి. పోలిష్ దుస్తులకైతే వార్సా రాయల్ కాజిల్‌లోని స్టాక్‌హోం రోల్‌తో పోల్చి చూడండి. 1605 నాటి పోలండ్ రాజుగారి పెళ్లి ఊరేగింపు బొమ్మ అది, అందులో సైనికుల బట్టలు స్పష్టంగా ఉంటాయి. ఇతనికి అడ్వాన్స్ కట్టి ఉంటే ఈరోజే క్యాన్సిల్ చేయండి.