గుల్‌మర్గ్ స్కీయింగ్ యాత్ర: శ్రీనగర్‌లో బస అన్న మా లెక్క ఎక్కడ తప్పింది

గుల్‌మర్గ్‌కు స్కీయింగ్ కోసం వెళ్ళాలనుకునేవారి కంట మొదట పడే అంకె ఒకటుంది. శ్రీనగర్ నుంచి దూరం సుమారు 50 కిలోమీటర్లు. ఆ అంకెను నమ్మి, నగరంలో చవకగా బస చేసి రోజూ పొద్దున్నే కొండకు వెళ్ళి సాయంత్రానికి తిరిగి రావచ్చునని మేము ఏడు రోజుల ప్రయాణాన్ని కాగితం మీద వేసుకున్నాము. ఫిబ్రవరి నెల, మనుషులం నలుగురం: నేను, నా భార్య, పదిహేనేళ్ళ మా అమ్మాయి, మా బావమరిది. గుల్‌మర్గ్‌లో మేము అడిగిన హోటళ్ళలో గదికి రోజుకు 9,000 రూపాయలకు తక్కువ ఎవరూ చెప్పలేదు. శ్రీనగర్‌లో శుభ్రమైన గది 2,400 రూపాయలకే దొరికింది. రెండు గదుల మీద రోజుకు 13,200 రూపాయలు మిగులుతున్నప్పుడు కారు కిరాయి 3,200 పెద్ద ఖర్చుగా కనిపించలేదు. ఈ లెక్క మాకు స్కీయింగ్ సమయంలో సగాన్ని పోగొట్టింది. ఇదే లెక్క వేసుకుంటున్నవారి కోసం వివరంగా రాస్తున్నాను.

హైదరాబాదు నుంచి ఢిల్లీలో విమానం మారి శ్రీనగర్ చేరడంలో ఇబ్బందేమీ లేదు. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు జమ్మూ కాశ్మీర్‌లో పనిచేయవు కాబట్టి, ఇంట్లో కనీసం ఒకరికైనా పోస్ట్‌పెయిడ్ కనెక్షన్ ఉండేలా ముందే చూసుకోండి. మా నలుగురిలో నా ఫోన్ ఒక్కటే పనిచేసింది.

రెండవ రోజు ఉదయం ఏడు గంటలకు శ్రీనగర్ నుంచి బయలుదేరాము. రాత్రి మంచు కురిసింది. కొండ కింద తంగ్‌మర్గ్ వరకు కారు బాగానే వెళ్ళింది. అక్కడి నుంచి గుల్‌మర్గ్ వరకు ఉన్న 13 కిలోమీటర్ల ఎత్తు దారిలో, మంచు పడిన రోజుల్లో చక్రాలకు గొలుసులు కట్టిన బండ్లను, నాలుగు చక్రాలూ నడిచే బండ్లను మాత్రమే పోనిస్తారు. ఇది భద్రత కోసం పెట్టిన సరైన నిబంధనే, దాని మీద నాకు ఫిర్యాదు లేదు. కానీ శ్రీనగర్‌లో కారు మాట్లాడుకున్నప్పుడు ఈ సంగతి మాకు ఎవరూ చెప్పలేదు. తంగ్‌మర్గ్‌లో మరో బండికి రానూపోనూ 2,200 రూపాయలు ఇవ్వవలసి వచ్చింది.

అంతకంటే బాధించింది దానికి ముందు జరిగిన సంగతి. డ్రైవరు మమ్మల్ని అడగకుండానే ఒక దుకాణం ముందు కారు ఆపాడు. లోపల వరుసగా రబ్బరు బూట్లు, పొడవాటి కోట్లు వేలాడుతున్నాయి. ఇవి లేకుండా పైకి వెళ్ళనివ్వరని దుకాణదారు చెప్పగా, డ్రైవరు తల ఊపాడు. మనిషికి 350 రూపాయల చొప్పున 1,400 చెల్లించాము. "ఏమండీ, మన దగ్గర మంచి జాకెట్లు ఉన్నాయి కదా, మళ్ళీ ఈ కోట్లు ఎందుకు?" అని నా భార్య అంటూనే ఉంది. పైకి వెళ్ళనివ్వరన్న మాటకు భయపడి నేనే వినలేదు. ఆమె అన్నదే నిజం. పైన ఎవరూ మా కాళ్ళ వైపు చూడలేదు. స్కీయింగ్ చేసేవారు వాలు దగ్గరకు వెళ్ళగానే స్కీ బూట్లు వేసుకుంటారు కనుక రబ్బరు బూట్లతో పనే లేదు. తడి లోపలికి రాని, చీలమండ దాకా ఉండే మామూలు బూట్లు మీ దగ్గరుంటే చాలు. కోటు, బూట్లు అద్దెకు తీసుకోవడం తప్పనిసరి కాదు. కారు ఎక్కేటప్పుడే, ఏ దుకాణం దగ్గరా ఆపవద్దని డ్రైవరుకు గట్టిగా చెప్పండి.

ఇన్ని ఆలస్యాల తరువాత మా కాళ్ళకు స్కీలు తగిలించుకునేసరికి 11 గంటల 40 నిమిషాలయింది. చీకటి పడకముందే కొండ దిగాలని కింది బండి డ్రైవరు మూడున్నరకే తొందరపెట్టాడు. మధ్యలో భోజనం పోగా రెండున్నర గంటలు మంచు మీద ఉన్నాము. ఆ కాస్త సేపూ మాకు దొరికిన కుర్రవాడు చేయి పట్టుకుని లాగాడే గాని ఏమీ నేర్పలేదు. శ్రీనగర్ హోటలుకు చేరేసరికి రాత్రి ఏడుంపావు. మా అమ్మాయి తిండి తినకుండానే పడుకుంది. "బావా, ఇలా నాలుగు రోజులు తిరిగితే మనకు వచ్చేది స్కీయింగ్ కాదు, నడుము నొప్పి" అని మా బావమరిది తేల్చి చెప్పాడు. ఆ రాత్రే నగరంలో బస రద్దు చేసుకుని, గుల్‌మర్గ్‌లోనే గది 6,500 రూపాయలకు ఇస్తామన్న ఒక లాడ్జిలో రెండు గదులు మూడు రాత్రులకు మాట్లాడాము. మొత్తం 39,000లో సగం, అంటే 19,500 రూపాయలు, ముందే పంపాను.

ఆ లాడ్జి గురించి వివరంగా రాయకపోతే ఈ వ్యాసానికి అర్థం లేదు. గదుల్లో హీటింగ్ ఉందా అని ఫోన్‌లో రెండుసార్లు అడిగాను, ఉందని రెండుసార్లూ చెప్పారు. వెళ్ళి చూస్తే ఆ హీటింగ్ అంటే పరుపు మీద పరిచిన ఒక కరెంటు దుప్పటి. రాత్రి తొమ్మిదికి కరెంటు పోయింది. జనరేటరు ఉంది గాని, అది కింది హాలులో దీపాలకు మాత్రమే, అదీ పదిన్నర వరకే. చలికి తట్టుకోలేక అడిగితే, గదిలో ఉన్న బుఖారీ వెలిగించడానికి కట్టెల ఖర్చు గదికి 1,000 రూపాయలన్నారు. బుఖారీ అంటే రేకు పొయ్యి, దాని గొట్టం గోడ గుండా బయటికి పోతుంది. మా గదిలో ఆ గొట్టం అతుకు ఊడి పొగంతా లోపలికే వచ్చింది. పొగ పోవడానికి కిటికీ తెరిస్తే వెచ్చదనమంతా దానితోపాటే పోయింది. మూసిన గదిలో పొగచూరే పొయ్యి పెట్టుకుని నిద్రపోవడం ప్రాణాంతకమని తెలిసి, అర్ధరాత్రి దాటాక నిప్పు ఆర్పించి నలుగురమూ ఒకే గదిలో, ఉన్న దుప్పట్లన్నీ కప్పుకుని పడుకున్నాము. తెల్లవారి చూస్తే కిటికీ పక్కన పెట్టిన సీసాలో నీళ్ళు గడ్డకట్టి ఉన్నాయి, అమ్మాయి ఆరబెట్టిన చేతి తొడుగులు చెక్కల్లా బిగుసుకుపోయాయి. గొట్టాల్లోనూ నీరు గడ్డకట్టింది. వేడి నీళ్ళు బకెట్టుకు 100 చొప్పున నాలుగు బకెట్లు కొనుక్కున్నాము. నా భార్య ఆ ఉదయం ఎవరితోనూ మాట్లాడలేదు. ఆమె కోపంగా ఉంటే మాట్లాడుతుంది. మాట్లాడలేదంటే నిజంగా అలసిపోయిందని అర్థం.

ఖాళీ చేస్తామంటే లెక్క తెచ్చారు. ఒక రాత్రికి గదులు 13,000, కట్టెలు 2,000, వేడి నీళ్ళు 400, మొత్తం 15,400 రూపాయలు. నేను ముందిచ్చిన దానిలో మిగిలిన 4,100ను రద్దు రుసుము అని పట్టుకున్నారు. పొగ గది ఇచ్చినందుకు వాళ్ళే మాకు రుసుము చెల్లించాలని వాదించాను, ఫలితం లేకపోయింది. గుల్‌మర్గ్ ఎత్తు దాదాపు 2,650 మీటర్లు. ఫిబ్రవరి రాత్రి అక్కడ చలి మన ఊహకు అందదు. హీటింగ్ ఉందా అని అడిగితే చాలదు. అది కరెంటుదా, కట్టెలదా, కరెంటు పోతే జనరేటరు గదులకు కూడా నడుస్తుందా, ఎన్ని గంటల వరకు, కట్టెలకు వేరుగా డబ్బు తీసుకుంటారా అన్న ప్రశ్నలన్నీ అడిగి, జవాబులు రాతపూర్వకంగా తెప్పించుకున్న తరువాతే అడ్వాన్సు పంపండి.

సామానుతో రోడ్డు మీద నిలబడినప్పుడు, మమ్మల్ని కిందికి దించడానికి వచ్చిన సుమో డ్రైవరు తంగ్‌మర్గ్‌లో తన మేనమామ ఇంట్లో గదులిస్తారని చెప్పాడు. దుకాణం దగ్గర జరిగినది గుర్తొచ్చి నేను సందేహించాను. నా భార్య ఇల్లు చూశాకే మాట ఇద్దామంది, చూడగానే సరేనంది. గదికి 1,600, రెండు పూటల భోజనానికి మనిషికి 450. నలుగురికీ కలిపి రోజుకు 5,000 రూపాయలు అయింది. ఆ ఇంట్లో హమామ్ ఉంది. రాతి పలకలు పరిచిన నేల గల ఆ గదికి అడుగున కట్టెలు మండిస్తారు. పొద్దున రాజేసిన నిప్పుతో ఆ రాయి రాత్రంతా వెచ్చగా ఉంటుంది, పొగ మాత్రం గదిలోకి రాదు. పక్కనే రాగి గంగాళంలో నీళ్ళూ కాగుతుంటాయి. భోజనాలయ్యాక ఇంటివారూ మేమూ ఆ నేల మీదే కూర్చునేవాళ్ళం. తడిసిన సాక్సులు, తొడుగులు గంటలో ఆరిపోయేవి.

భోజనం కోసం బెంగపడనవసరం లేదు, కాశ్మీరీలు అన్నం తినేవాళ్ళే. మొదటి రాత్రి హాఖ్ అనే ఆకుకూరను ఆవనూనె, ఎండుమిరపకాయలతో పలచగా ఉడికించి వేడి అన్నంలో వడ్డించారు. పొద్దుటి నుంచీ పలకని నా భార్య రెండోసారి అడిగి వేయించుకుని, దాన్ని ఎలా చేస్తారో ఇంటి పెద్దావిడను చేతి సైగలతో అడగడం మొదలుపెట్టింది. తరువాతి రోజుల్లో తామర తూళ్ళతో చేసే నద్రూ, పెరుగుతో వండిన మాంసం పెట్టారు. ఉప్పు వేసే గులాబీ రంగు నూన్ చాయ్ మాత్రం మా బావమరిదికి తప్ప ఎవరికీ నచ్చలేదు.

తంగ్‌మర్గ్ నుంచి పైకి గొలుసులు కట్టిన షేర్ సుమోలో మనిషికి 100 రూపాయలు, నలభై నిమిషాల ప్రయాణం. తొమ్మిదిన్నరకల్లా మంచు మీద ఉండేవాళ్ళం. నా అభిప్రాయంలో తక్కువ ఖర్చుతో వచ్చేవారు శ్రీనగర్‌లోనూ గుల్‌మర్గ్‌లోనూ కాక, తంగ్‌మర్గ్‌లోనే దిగాలి.

ఇక అసలు స్కీయింగ్ సంగతి. మా ఇంటివారే నలభై ఏళ్ళుగా నేర్పుతున్న ఒక పెద్దాయనను కుదిర్చారు. నాకు, అమ్మాయికి, బావమరిదికి, ముగ్గురికీ కలిపి రోజుకు 2,000 తీసుకున్నారు. స్కీలు, బూట్లు, కర్రలు మనిషికి 900, హెల్మెట్ 200. అంటే ముగ్గురికి రోజుకు 5,300 రూపాయలు, మూడు రోజులకు 15,900. ఆయన మొదటి ముప్పావు గంట మమ్మల్ని వాలు ఎక్కనివ్వలేదు, బూట్లతోనే గడిపారు. మొదటిసారి నేను సౌకర్యంగా ఉంటాయని వదులు బూట్లు, రెండు జతల సాక్సులు వేసుకున్నాను. ఆయన రెండూ తీయించారు. మోకాళ్ళు ముందుకు వంచినప్పుడు మడమ పైకి లేవకూడదు, వేళ్ళు ముందు భాగానికి తాకీ తాకనట్టుండాలి, సాక్సు ఒక్కటే ఉండాలి. బూటులో కాలు కదిలితే మనం తిప్పినట్టు స్కీ తిరగదు. తరువాత ప్రతి ఒక్కరి బరువు అడిగి స్కీల పట్టీల బిగింపును దాని ప్రకారం మార్చారు. అది అతి బిగువుగా ఉంటే, పడినప్పుడు స్కీ ఊడిపోక మోకాలు మెలిపడుతుంది. అంతకుముందు కుర్రవాడు మా బరువు అడగనే లేదని అప్పుడు గుర్తొచ్చింది.

స్కీల ముందు కొనలను దగ్గరగా, వెనుక కొనలను దూరంగా పెట్టి వేగం తగ్గించడం, బరువును ఒక కాలి మీదికి మార్చి రెండోవైపు తిరగడం, పడేటప్పుడు వెనక్కు కాక పక్కకు ఒరగడం, ఈ మూడింటినే మొదటి రోజంతా చేయించారు. రెండో రోజు మధ్యాహ్నానికి మా అమ్మాయి ఎవరి సాయమూ లేకుండా వాలు మొత్తం దిగి, ఆయన ముందు ఆగి, "నాన్నా, చూశావా?" అని కేక వేసింది. నేను చూశాను, కానీ అదే క్షణంలో పడిపోయి మంచులో ఉన్నాను.

నేర్చుకునేవారికి గొండోలా, అంటే తీగల మీద కొండపైకి వెళ్ళే రోప్‌వే, టికెట్టు అవసరం లేదని ఆయన చెప్పారు, అదే నిజం. ఊరి మైదానం పక్కనున్న చిన్న వాలులు, వాటి మీది లాగుడు లిఫ్టులు మొదటి మూడు నాలుగు రోజులకు చాలు. గొండోలా మొదటి దశ 1998లో, రెండవ దశ 2005లో మొదలయ్యాయి. రెండవ దశ అఫర్వాట్ కొండ మీద 3,900 మీటర్లకు పైగా తీసుకెళుతుంది. పైకి చూడటానికే వెళ్ళాలనుకుంటే టికెట్టు ముందుగా ఆన్‌లైన్‌లో కొనుక్కోండి. గాలి వీచినా మంచు ఎక్కువగా కురిసినా పై దశ ఆపేస్తారు. మా బావమరిది చివరి రోజు పై నుంచి స్కీలు వేసుకుని దిగుతానని పట్టుబట్టాడు. పెద్దాయన ఒప్పుకోలేదు. పైన చాలా వాలులు చదును చేయనివి, మంచుచరియలు విరిగిపడే చోట్లు. 2023 ఫిబ్రవరి 1న అఫర్వాట్ మీద మంచుచరియ విరిగిపడి ఇద్దరు పోలండ్ స్కీయర్లు చనిపోయారు. అనుభవం ఉన్నవారే పోయిన చోటికి మూడు రోజుల విద్యతో వెళ్ళడమేమిటని అడిగేసరికి మావాడు చాలాసేపు అలిగి, తరువాత చిన్న వాలు మీదే మరో ఆరుసార్లు దిగాడు.

తేదీల విషయంలో డిసెంబరును నమ్ముకోవద్దు. 2024 జనవరిలో దాదాపు నెలాఖరు వరకు గుల్‌మర్గ్‌లో మంచే లేదు. ఫిబ్రవరి ఇంకాస్త భరోసా ఉన్న నెల. మీ ప్రయాణ బీమా స్కీయింగ్ గాయాలకు వర్తిస్తుందో లేదో చదివి చూసుకోండి, మా మొదటి పాలసీలో అది లేదు. పూర్తి కోర్సు చేయదలచినవారికి కేంద్ర పర్యాటక శాఖ కింద నడిచే స్కీయింగ్, పర్వతారోహణ సంస్థ గుల్‌మర్గ్‌లోనే ఉంది. మా అమ్మాయి వేసవి సెలవులు వచ్చేలోగా దానికి దరఖాస్తు ఎలా చేయాలో కనుక్కోమంటోంది.

తంగ్‌మర్గ్ నుంచి బయలుదేరిన ఉదయం, వచ్చే ఫిబ్రవరి రెండో వారానికి అవే రెండు గదులు కావాలని 2,000 రూపాయలు అడ్వాన్సు ఇచ్చి వచ్చాము. ఇంటి పెద్దావిడ నా భార్య చేతిలో ఒక గుడ్డ మూట పెట్టారు. అందులో హాఖ్ విత్తనాలున్నాయి.